ఆఫీసులో ఫోన్ సర్వర్ పెట్టే కుర్రాళ్లకు

పాత ఈపీఏబీఎక్స్ డబ్బాల కాలం నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆస్టరిస్క్, దాని మీద ఫ్రీపీబీఎక్స్. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు, తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక సొంతంగా రాసుకున్న ప్రోగ్రామే ఈ ఆస్టరిస్క్. డబ్బు పెట్టక్కర్లేదు, గంటలో ఎక్కేస్తుంది. ఆ గంటతో పనైపోయిందనుకుంటారు చూడండి, వాళ్ల కోసమే ఈ మాటలు.

1. సర్వర్ ముట్టుకోకముందు కాసేపు రిసెప్షన్‌లో కూర్చోండి. యజమాని ఇచ్చే కాగితంలో హోదాలు ఉంటాయి గానీ కాల్స్ ఎటు పోతాయో ఉండదు. "అకౌంట్స్ వాళ్లు మధ్యాహ్నం ఎత్తరండీ, నేను గోడౌన్‌కి కలిపేస్తాను" అని రిసెప్షన్‌లో అమ్మాయి చెబుతుంది. మీ రింగ్ గ్రూపు అదే. ఐవీఆర్‌లో తొమ్మిది ఆప్షన్లు పెట్టమని యజమాని అడుగుతాడు. మూడు చాలని ఒప్పించండి.

2. ఎక్స్‌టెన్షన్ నంబర్లు 1తో మొదలుపెట్టొద్దు. చాలామంది 101 నుంచి వరసగా ఇచ్చేస్తారు. మన దేశంలో 100 పోలీసు, 101 ఫైరింజన్, 108 అంబులెన్సు, 112 అన్నిటికీ కలిపి. ఎనిమిదో కుర్చీకి 108 ఇచ్చారనుకోండి, ఎవరికో గుండె నొప్పి వచ్చి 108 నొక్కితే స్టోర్స్ గుమాస్తా ఫోన్ మోగుతుంది. 201 నుంచి ఇవ్వండి. బయటికి వెళ్లాలంటే ముందు 0 నొక్కే అలవాటున్న ఆఫీసైతే, ఈ అత్యవసర నంబర్లు 0 నొక్కినా, నొక్కకపోయినా బయటికి పోయేలా అవుట్‌బౌండ్ రూట్ రాయండి. ట్రంక్ ఇచ్చిన ఆపరేటర్‌ను కూడా అడగండి, ఆ కాల్స్ మన ప్రాంతాన్ని చూసే కేంద్రానికే చేరతాయా అని.

3. ఎక్స్‌టెన్షన్ 201, పాస్‌వర్డ్ 201. ఇది కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. సిప్ వాడే 5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే, తలుపు తట్టేవాళ్లు రావడానికి రోజంతా కూడా పట్టదు. నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఒకటొకటిగా ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. ఒకటి దొరికిందా, శనివారం రాత్రి మొదలుపెట్టి సోమవారం పొద్దుటిదాకా ఏ దూర దేశపు ఖరీదైన నంబర్లకో కాల్స్ కొడతారు. బిల్లు మాత్రం మన యజమానికే వస్తుంది. పొడవాటి పాస్‌వర్డ్, ఫెయిల్‌టుబ్యాన్, ఫైర్‌వాల్‌లో ఆపరేటర్ ఐపీకి తప్ప బయటివాళ్లకు ప్రవేశం లేకపోవడం, ఇవన్నీ మొదటిరోజే జరగాలి. ఐఎస్‌డీ మూసే ఉంచండి, అడిగినవాళ్లకే తెరవండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లుంటే వీపీఎన్ ఇవ్వండి.

4. ఈ పనిలో సగం తలనొప్పి న్యాట్ వల్లే. ఒకవైపే మాట వినిపిస్తుంది. మనం చెప్పేది వాళ్లకు వినపడుతుంది, వాళ్ల గొంతు మాత్రం మనదాకా రాదు. మన సర్వర్ తన చిరునామా 192.168 అంటూ లోపలి ఐపీనే అవతలికి రాసి పంపుతుంది. పాపం అవతలివాళ్లు మాటను ఆ చిరునామాకే పంపుతారు, అది ఎక్కడికీ చేరదు. సిప్ సెట్టింగుల్లో బయటి ఐపీ, లోపలి నెట్‌వర్కు రెండూ సరిగ్గా రాయండి. మాట ప్రయాణించే యూడీపీ పోర్టులు, మామూలుగా 10000 నుంచి 20000, రౌటర్‌లో సర్వర్‌కు మళ్లించండి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఒకటుంటుంది. సాయం చేస్తానని వచ్చి పని చెడగొట్టే రకం, ఆపేయండి.

ఇంకో జబ్బు ఉంది. కాల్ కలుస్తుంది, మాట బాగుంటుంది, సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతుంది. ఒక ఆస్పత్రిలో కేబుళ్లు, స్విచ్, ఫోన్లు అన్నీ మార్చేశారు, జబ్బు పోలేదు. ఎత్తినవాళ్లు పంపిన జవాబుకు రావాల్సిన ఏసీకే అనే రసీదు దారి తప్పితే, సిప్ నియమం ప్రకారం అన్ని సెకన్లు ఆగి కాల్ కట్ చేస్తారు. అందుకే 32 అని వినగానే ఫోన్ వదిలేసి చిరునామాల వైపు చూడండి.

5. సర్వర్ గడియారం చూడండి. టైమ్‌జోన్ యూటీసీలో వదిలేస్తే, పదింటికి తెరిచే ఆఫీసు మధ్యాహ్నం మూడున్నర దాకా "కార్యాలయం మూసి ఉంది" అంటూనే ఉంటుంది. ఏషియా కోల్‌కతా పెట్టి, ఎన్‌టీపీ ఆన్ చేయండి.

6. జీ.711లో ఒక కాల్‌కు ఒక్కోవైపు సుమారు 90 కిలోబిట్లు పడుతుంది. ఇరవై కాల్స్‌కు రెండు మెగాబిట్లు కూడా దాటదు. కాబట్టి స్పీడు చాలలేదనే మాట నమ్మొద్దు. మాట తెగుతుంటే చూడండి, సీసీ కెమెరాల అప్‌లోడ్ దాన్ని తొక్కేస్తుంటుంది. ఫోన్లకు వేరే వీల్యాన్ ఇచ్చి, రౌటర్‌లో మాటకు ముందు దారి ఇవ్వండి.

7. "మావాడు డాలస్‌లో ఉన్నాడు, వాడి కాల్ మన సర్వర్ మీద తీసుకుని ఇక్కడి లోకల్ నంబర్లకు కలుపు" అని ఎవరో ఒకరు అడుగుతారు. విదేశపు కాల్‌ను లైసెన్సున్న ఆపరేటర్‌ను తప్పించి ఇంటర్నెట్‌లో తెచ్చి, ఇక్కడి టెలిఫోన్ లైన్ మీద వదలడం మన చట్టం ఒప్పుకోదు. మొహమాటం లేకుండా కుదరదండీ అనేయండి. ఆ అబ్బాయి వాట్సాప్‌లో మాట్లాడుకుంటాడు.

8. రాగి తీగ రోజుల్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. 48 వోల్టులు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేవి. ఇప్పుడు సర్వర్ ఒక్కదానికే యూపీఎస్ ఇచ్చి లాభం లేదు. ఫోన్లకు కరెంటిచ్చే పీఓఈ స్విచ్, రౌటర్, ఫైబర్ డబ్బా కూడా దాని మీదే ఉండాలి.

9. "హలో, వినిపిస్తోందా" అని పెట్టేస్తే అది టెస్ట్ కాల్ కాదు. రెండు నిమిషాలు మాట్లాడండి. హోల్డ్‌లో పెట్టి తీయండి, ట్రాన్స్‌ఫర్ చేయండి, బ్యాంకు ఐవీఆర్‌కు ఫోన్ చేసి అంకెలు నొక్కితే అందుతున్నాయో చూడండి. తర్వాత బ్యాకప్ తీసి వేరే చోట దాచండి. ఆఖరికి యజమాని చూస్తుండగానే మెయిన్ స్విచ్ ఆపండి. యూపీఎస్ మీద ఒక కాల్ మాట్లాడించి, సర్వర్‌ను రీబూట్ చేయండి. ఫోన్లన్నీ వాటంతటవే మళ్లీ రిజిస్టర్ అయ్యాకే జేబులోంచి బిల్లు తీయండి.