దున్నని నేలలో పంట మార్పిడి

దుక్కి లేకుండా విత్తడాన్ని జీరో టిల్లేజ్ అంటారు. కృష్ణా డెల్టా రైతులకు ఇది కొత్త కాదు. వరి కోతకు 2 నుంచి 4 రోజుల ముందు, తడి ఆరని మాగాణిలో మినుము చల్లడం అక్కడి పాత పద్ధతే. జీరో టిల్లేజ్ భాగంగా ఉండే, ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) చెప్పే పరిరక్షణ సేద్యానికి మూడు సూత్రాలు: నేలను కనిష్ఠంగా కదపడం, కనీసం 30 శాతం నేలను పంట అవశేషాలతో కప్పి ఉంచడం, పంటల వైవిధ్యం.

మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, నిజానికి మిగతా రెండూ దానిమీదే ఆధారపడతాయి. నాగలి లేనిచోట నేలను గుల్లపరిచే పని వేళ్లదే. కుళ్లిన వేళ్ల దారుల్లోంచే నీరు, గాలి లోపలికి దిగుతాయి. లోతు వేరు, పీచు వేరు పంటలు మారుతుంటే ఆ దారులు వేర్వేరు లోతుల్లో ఏర్పడతాయి.

నేలను కప్పే వరిగడ్డిలో నత్రజని తక్కువ, కర్బనం ఎక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొంతకాలం పట్టి ఉంచుతాయి. పప్పుజాతి పైర్లు ఈ లోటును కొంత పూడుస్తాయి. పూత దశలో మినుము మొక్కను పీకి వేరు బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు. రైజోబియం బ్యాక్టీరియా నత్రజనిని స్థిరీకరిస్తోందనడానికి గుర్తు. బుడిపె ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే ఆ పని ఆగిపోయినట్టే.

దున్నని పొలంలో తెగులు సోకిన పంట అవశేషాలు భూమిలో పూడిపోవు, అందుకే ఏటా ఒకే పైరు వేస్తే ముప్పు పెరుగుతుంది. కలుపు విషయమూ అంతే: మినుమును అల్లుకునే బంగారు తీగ మొక్కజొన్న మీద బతకదు. వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేస్తే ఆ కలుపు తగ్గుతుంది, కానీ నత్రజని అవసరం బాగా పెరుగుతుంది.