విచారణ గురువు నోటు పుస్తకం



పోయిన తపస్సుకాలంలో ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక స్త్రీ గురుమందిరం అరుగు దగ్గర నిలబడి ఉంది. దేవరకొండ వైపు మనిషి. పదిహేనేళ్ళ క్రితం గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని భర్తతో పుణె వెళ్ళి, కట్టడం పనుల్లో అక్కడే ఉండిపోయింది. తండ్రి ఇక్కడ చనిపోయినప్పుడు మట్టికి కూడ అందలేకపోయింది. "ఫాదర్, నాయినకు అవస్థ అభ్యంగనం మీరే ఇచ్చిండ్రంట గద. ఆ రాత్రి నాయిన ఏమన్నడు? నా గురించి ఏమన్న అడిగిండా?" అంది.

ఆ రాత్రి నాకు గుర్తుంది. కరెంటు లేదు. ఉపదేశిగారు ముందు టార్చిలైటు పట్టుకొని నడిచారు. సంస్కారం ముగిసిన తరువాత ఆ పెద్దాయన నా చెయ్యి పట్టుకొని చాలాసేపు మాట్లాడాడు. పాపసంకీర్తనంలోని మాటలు కావవి, ఇంటి మాటలే. కాని ఏం మాట్లాడాడో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. లోపలికి వెళ్ళి ఆ ఏడాది డైరీ తీశాను. జూన్ 9 వరకు రాత ఉంది. చివర ఉన్నది ప్రహరీగోడకు వచ్చిన సిమెంటు బస్తాల లెక్క. ఆ తరువాత అన్నీ తెల్ల కాగితాలే. పదకొండు నెలలు నేను ఏమీ రాయలేదు. బయటికి వచ్చి, "రాసుకోలేదమ్మా, మరిచిపోయాను" అని చెప్పవలసి వచ్చింది. ఆమె నన్ను ఏమీ అనలేదు.

అందుకే ఈ వారం పాఠంగా గురువు రాసుకునే నోటు పుస్తకం గురించి రాస్తున్నాను. "ఇది గురువుల సంగతి, మాకెందుకు?" అనుకోకండి. అందులో ఉండేది మీరే.

తిరుసభ తన గురువులను మొదటి నుండి రాయమనే అడిగింది. ట్రెంటు మహాసభ 1563లో వివాహాలను పుస్తకంలో నమోదు చేయాలని ఆజ్ఞాపించింది. 1614లో వెలువడిన రోమను ఆచార గ్రంథం విచారణ గురువు ఐదు పుస్తకాలు ఉంచుకోవాలని చెప్పింది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, వివాహం, మరణం అనే నాలుగు మీకు తెలిసినవే. ఐదవదాన్ని లతీనులో 'ఆత్మల స్థితి' పుస్తకం అంటారు. గురువు ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరు ఏ సంస్కారాలు పొందారు అని రాసుకునే పుస్తకం అది. 1983 నాటి తిరుసభ చట్టం 535వ కానోను నేటికీ జ్ఞానస్నాన, వివాహ, మరణ పట్టికలను తప్పనిసరి చేస్తోంది. ఆ ఐదవ పుస్తకం ఇప్పుడు చాలాచోట్ల కనిపించదు. గురువు సొంత డైరీని నేను దాని తమ్ముడిగానే చూస్తాను. చట్టం దాన్ని అడగదు. మానేస్తే ఏ మేత్రాణులూ శిక్షించరు. అందుకే మానడం అంత సులువు.

రాత లేకపోతే ఏమవుతుందో పవిత్ర గ్రంథంలోనే ఉంది. బబులోను చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొన్ని యాజక కుటుంబాలు తమ వంశావళి పట్టికల్లో పేర్లు వెదుక్కున్నాయి. దొరకలేదు. పేరు లేనందువల్ల వారిని యాజకత్వం నుండి పక్కన పెట్టారని ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయం చెబుతుంది. పుణెలోనో సూరత్‌లోనో పెండ్లి కుదిరి, జ్ఞానస్నాన పత్రం కోసం రాత్రి బస్సెక్కి వచ్చిన మన పిల్లలకు ఆ వాక్యం వివరించనక్కరలేదు.

యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం కూడ చదవండి. ప్రవక్త చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను రాజు యెహోయాకీము చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చొని, చదువుతున్న కొద్దీ చాకుతో కోసి నిప్పుల్లో వేశాడు. ప్రవక్త ఏం చేశాడు? మరొక చుట్ట తెప్పించి మళ్ళీ మొదటి నుండి చెప్పాడు. బారూకు మళ్ళీ రాశాడు. రెండవసారి ఇంకా ఎక్కువ మాటలు చేరాయి. ఆగిపోయిన డైరీని మళ్ళీ తెరవడానికి సిగ్గుపడిన రోజున నేను చదువుకున్నది ఈ అధ్యాయమే. నా పుస్తకాన్ని ఏ రాజూ కాల్చలేదు. నా బద్ధకమే చాలింది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినప్పుడు ప్లేటో రాసిన ఫీడ్రస్ సంవాదం మాకు పాఠంగా ఉండేది. అక్షరాలు కనిపెట్టిన దేవుణ్ణి ఒక ఈజిప్టు రాజు మందలిస్తాడు. మనుషులు రాతను నమ్ముకొని జ్ఞాపకాన్ని పోగొట్టుకుంటారని అతని వాదన. కుర్రతనంలో నాకది గొప్పగా తోచింది. డైరీ రాయనందుకు మంచి సాకు కూడ అయింది. ఆ రాజుకు ఒకే ఊరు తెలుసేమో! పదిహేను ఊళ్ళ ప్రజలు ఒక్క గురువుకు తమ కష్టం చెప్పుకునే చోట, ఐదారేళ్ళకొకసారి బదిలీ మీద ఆ గురువు వెళ్ళిపోయే చోట, జ్ఞాపకం ఒక్కటే ఎంత మోస్తుంది?

రాసిన గురువుల వల్ల ఏం మిగిలిందో కూడ చూడండి. గాస్టన్ లారాన్ కెర్దూ అనే ఫ్రెంచి యేసుసభ గురువు 18వ శతాబ్దంలో తెలుగు సీమలో సేవ చేశారు. తాను జ్ఞానస్నానమిచ్చిన అద్దకం పనివారిని అడిగి, బట్టకు రంగు ఎక్కించే పద్ధతిని 1742లో ఒక ఉత్తరంలో పూసగుచ్చినట్టు రాశారు. కరక్కాయ, గేదెపాలు, చిరివేరు, ఏది ముందు, ఏది తరువాత అన్నీ. సంస్కృతానికీ లతీను, గ్రీకు భాషలకూ ఉన్న పోలికలను ఆయన 1767లో పారిస్ పండితులకు రాసి పంపారు. అది అచ్చుకు వచ్చింది 1808లో. అప్పటికి ఆయన కన్నుమూసి 29 ఏళ్ళు. ఆ పోలికను చెప్పిన కీర్తి 1786లో ప్రసంగించిన విలియం జోన్సుకు దక్కింది. అయినా ఆ కాగితం ఉంది కనుక నేడు మనకు తెలిసింది. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మధ్య తిరిగిన గురువులు ఏం విన్నారో ఎవరైనా రాసిపెట్టారా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పునీత 23వ యోహాను పోపుగారు 1895లో, పద్నాలుగేళ్ళ గురువిద్యార్థిగా రాయడం మొదలుపెట్టిన ఆధ్యాత్మిక నోటు పుస్తకాలను ముసలితనం దాకా కొనసాగించారు. అవి ఆయన మరణానంతరం 1964లో 'ఒక ఆత్మ దినచర్య' అనే అర్థమిచ్చే పేరుతో వెలువడ్డాయి. అంతటి వారితో మనకు పోలిక వద్దుగాని, కూర్చొని రాసే పని మాత్రం అందరికీ ఒకటే.

నాకు అసలు దారి చూపింది ఒక పేరులేని పుస్తకం. ఇంతకు ముందు నేను కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ వైపు పనిచేశాను. అక్కడి బీరువాలో, చెదలు సగం తిన్న ఒక నోటు పుస్తకం దొరికింది. ఎప్పటి గురువో, లోపల పేరు లేదు. ఒక ఊరి పేరు రాసి, కింద ఇంటింటి మనుషులను పెన్సిలుతో రాశారు. ఎవరికి చూపు తగ్గింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, ఎవరు పూజకు రావడం మానేశారు అని. 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఆ పక్కనున్న ఎన్నో ఊళ్ళతోపాటు ఆ ఊరూ మునిగింది. నేను ఆ పేజీలు చదివి వినిపిస్తే, పునరావాస కాలనీలో ఒక ముసలమ్మ తన ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళను వరుసగా చెప్పుకుంటూ పోయింది.

ఇప్పుడు నేను రోజుకు నాలుగు వరుసలకు మించి రాయను. ఎక్కువ రాయాలనుకున్న ఏడాదే ఆగిపోయాను. ఏ ఊరు వెళ్ళాను, ఎవరిని చూశాను, వారు చెప్పిన ఒక మాట, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలి, ఇంతే. జనవరి మొదటి వారంలో పాత ఏడాదిది చదివి, ఇంకా తీరని సంగతులను కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తాను. నిజం చెప్పాలంటే అన్నిటికంటె కష్టమైన పని అదే. "మార్చిలో మళ్ళీ వెళ్ళాలి" అని రాసుకొని వెళ్ళని ఇళ్ళు అందులో కనిపిస్తాయి. ఊళ్ళ చిరునామాలు కూడ సరిచేస్తాను. 2016లో జిల్లాలు విడగొట్టిన తరువాత పాత నల్లగొండ జిల్లా ఊళ్ళు కొన్ని సూర్యాపేటలోకి, కొన్ని యాదాద్రి భువనగిరిలోకి వెళ్ళాయి.

రాయకూడనివి ఉన్నాయి. పాపసంకీర్తనంలో విన్నది నీడగా కూడ కాగితం మీదికి రాకూడదు. భార్యాభర్తల తగవులు, ఆడపిల్లల సంగతులు, పరువు పోయే జబ్బులు, వీటిని నేను రాయను. గురువు చనిపోతే విచారణ పుస్తకాలు, దస్తావేజులు పోకుండా చూడవలసిన బాధ్యతను 555వ కానోను డీన్ గురువు మీద పెట్టింది. నా డైరీలు ఏ బీరువాలో ఉన్నాయో మా డీన్ గురువుకు చెప్పి ఉంచాను. రేపు ఎవరు తెరిచినా మీలో ఎవరూ తలవంచుకోకూడదు కదా.

మీ వంతు కూడ ఉంది. ఇంట్లో బైబిలు మొదటి పేజీలో పిల్లల జ్ఞానస్నానం తేదీ, ఏ విచారణ, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాయండి. వలస వెళ్ళేముందు గురువుకు చెప్పి, అక్కడి అడ్రసు ఇచ్చి వెళ్ళండి. ఫోను నెంబరు మారితే చెప్పండి. ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు మరణ పట్టికలో రాశారా అని అడగండి. అడిగితే మాకు కోపం రాదు. వచ్చినా అడగండి.

ఆ రోజు ఆమెను వెంటనే పంపలేదు. అరుగు మీద కూర్చోబెట్టి, "మీ నాయిన గురించి నీకు తెలిసింది చెప్పమ్మా, రాస్తాను" అన్నాను. ఆ నాటి తేదీ కింద రెండు పేజీలు నిండాయి. చదివి వినిపించమంది. విని, "సాగర్ ఎడమ కాలువ తవ్వెటప్పుడు నాయిన పనికి పోయిండె ఫాదర్, అది రాయలే మీరు" అంది. అదీ రాశాను.