తప్పెటగుళ్లు నేర్పు పాఠము

ఒకరి భుజముపై నిలుచుట సులభము కాదు. తన భుజముపై ఒకరిని నిలుపుకొనుట అంతకంటె కష్టము. ఈ రెంటిని నేర్పు జానపదకళ యొకటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో కలదు. దాని పేరు తప్పెటగుళ్లు.

యాదవులు తరతరములుగా ఈ కళను కాపాడుకొనుచున్నారు. కళాకారులు గుండ్రని రేకు తప్పెటలను రొమ్మునకు కట్టుకొని, కాళ్లకు గజ్జెలు ధరింతురు. గురువు పాట నెత్తుకొనగా తక్కినవారు వంతపాడుచు, తప్పెటలు వాయించుచు, ఎగిరి యెగిరి అడుగులు వేయుదురు. నడుమ చూపరులు ఊపిరి బిగబట్టు ఘట్టము వచ్చును. కొందరు భుజము భుజము చేర్చి నిలువగా, వారిపై మరికొందరు, ఆపైన ఇంకొకరు ఎక్కి నిలుతురు.

క్రిందివానికి పైవాడు కనబడడు. పాదముల బరువు మాత్రమే తెలియును. పైవానికి పట్టుకొనుటకు కొమ్మయైనను లేదు. అందుచే బలిష్ఠులు క్రిందను, తేలికయైనవారు పైనను ఉండవలెను. పాదము మెడకు దాపుగా పడవలెను. భుజము చివర పడినచో బరువు జారిపోవును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. మోకాలు వణకినచో క్రిందివాడు వెంటనే ఆ మాట చెప్పవలెను. సిగ్గుచే అలసటను దాచినవాడు తన్ను నమ్మినవానిని మోసగించిన వాడగును. బలము లేకుండుట తప్పు కాదు. లేని బలమును ఉన్నట్లు చూపుట తప్పు.

స్పెయిను దేశమందలి కెటలోనియాలోను ఇట్టి మానవగోపురములు కట్టుదురు. కాస్తెల్స్ అను ఆ విద్యను యునెస్కో 2010లో మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించెను. పెద్ద గోపురముల అడుగున వందలకొలది జనులు క్రిక్కిరిసి నిలుతురు. వారు గోపురమునకు ఆధారమిత్తురు. పైవారు పడినచో ఆ జనసమూహమే పరుపువలె ఆదుకొనును. విశ్వాసమనగా పడిపోమను భ్రమ కాదు; పడినను పట్టుకొనువారు కలరను ధైర్యము.

ఆరితేరిన గురువు లేనిదే ఇట్టి గోపురములు కట్టరాదు. కాని విద్యార్థులు సాధన చేయదగిన తేలిక అభ్యాసమొకటి కలదు. ఉపాధ్యాయుని యెదుట ఒకరు కన్నులు మూసుకొనగా, మరియొకరు చేయిపట్టి పాఠశాల ఆవరణలో నడిపింపవలెను. మెట్టు వచ్చినపుడు ముందుగా చెప్పవలెను. పిదప ఇరువురును స్థానములు మార్చుకొనవలెను. పది మారులు సరిగా నడిపించిన చేతిపై నమ్మకము కుదురును. ఒక్కమారు నవ్వులాటకై గుంతలోనికి నడిపినచో, ఆ చేతిని మరల నెవ్వరును పట్టుకొనరు.