విటమిన్ ఇ: ఏ రూపానికి ఎంత శక్తి?

విటమిన్ ఇ ఒకే పదార్థం కాదు. నాలుగు టోకోఫెరాల్‌లు, నాలుగు టోకోట్రైయీనాల్‌లు కలిసి మొత్తం 8 రూపాలు. 1922లో శాస్త్రవేత్తలు ఎవాన్స్, బిషప్ ఎలుకల్లో దీన్ని గుర్తించారు. గర్భంలోని పిండాలు నశించకుండా ఎంత మోతాదు కాపాడుతుందన్నదే దీని శక్తికి పాత కొలత. ఆ లెక్కన ఆల్ఫా టోకోఫెరాల్ శక్తి 100 అనుకుంటే బీటాది సుమారు 50, గామాది 10, డెల్టాది 3 మాత్రమే.

సహజ, కృత్రిమ రూపాల తేడా పరీక్షార్థులు తప్పక గమనించాలి. 1 మి.గ్రా. సహజ డి-ఆల్ఫా టోకోఫెరాల్ 1.49 అంతర్జాతీయ యూనిట్లకు సమానం. కృత్రిమ డిఎల్-ఆల్ఫా టోకోఫెరాల్ 1.10 యూనిట్లే. కృత్రిమ రకం 8 స్టీరియోఐసోమర్ల (ఒకే అణువుకు వేర్వేరు త్రిమితీయ అమరికల) మిశ్రమం కావడమే ఇందుకు కారణం. కాలేయంలోని ఒక రవాణా ప్రోటీన్ సహజ ఆల్ఫా రూపాన్నే ఎక్కువగా ఎంచుకుని రక్తంలోకి పంపుతుంది. సోయా నూనెలో గామా ఎక్కువ, పొద్దుతిరుగుడు నూనెలో ఆల్ఫా ఎక్కువ. అందుకే విటమిన్ ఇ కోసం పొద్దుతిరుగుడు నూనే మేలు.