షుగర్ ఉన్నవారిని అత్యవసర విభాగానికి ఎప్పుడు తీసుకురావాలి?

మీ ఇంట్లో షుగర్ వ్యాధి ఉన్నవారు ఉన్నారా? అయితే ఈ పాఠం మీ కోసమే. ప్రమాద సమయంలో రోగి తన బాధ తాను చెప్పుకోలేకపోవచ్చు. పక్కనున్న మీరే గుర్తించాలి.

షుగర్ తగ్గిపోతే...

మందు వేసుకుని భోజనం ఆలస్యం చేసినా, ఉపవాసం ఉన్నా రక్తంలో గ్లూకోజ్ 70 మి.గ్రా. కంటే తగ్గిపోవచ్చు. చల్లని చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి కనిపిస్తాయి. మరీ తగ్గితే మాట తడబడుతుంది, పొంతన లేకుండా మాట్లాడతారు, ఊరకే కోప్పడతారు. "నీరసంగా ఉన్నారు, కాసేపు పడుకోనిద్దాం" అని వదిలేయకండి. మెదడుకు గ్లూకోజ్ అందకపోతే ప్రాణానికే ముప్పు.

ఏమి చేయాలి?

1. స్పృహ ఉండి, మింగగలిగితే మూడు టీస్పూన్ల చక్కెర లేదా గ్లూకోజ్ పొడి అర గ్లాసు నీటిలో కలిపి తాగించండి. "షుగర్ మనిషికి చక్కెరా?" అని సందేహించకండి. ఆ సమయంలో అదే మందు. అకార్బోస్, వోగ్లిబోస్ మాత్రలు వాడేవారికి మాత్రం గ్లూకోజ్ పొడే ఇవ్వండి. చక్కెర త్వరగా పనిచేయదు.

2. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించండి. ఇంకా తక్కువగా ఉంటే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక ఇడ్లీయో, అన్నమో పెట్టండి.

3. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.

4. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారిలో, ముఖ్యంగా వృద్ధులలో, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో, తేరుకున్నాక కూడా కొన్ని గంటలకు షుగర్ మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

షుగర్ బాగా పెరిగితే...

అతిదాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, నోటి నుండి పండ్ల వాసన, మగత – ఇవి ప్రమాద సూచనలు. "గ్యాస్" అనుకుని ఇంట్లో ఉంచకండి. జ్వరం వచ్చి తినలేకపోయినా ఇన్సులిన్ సొంతంగా మానేయకండి. మోతాదు ఎంతో డాక్టరుగారిని అడగండి.

ఇవి కూడా అత్యవసరమే

• అకస్మాత్తుగా ఆయాసం, చెమటలు. షుగర్ ఉన్నవారిలో ఛాతీనొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు.
• మూతి వంకర పోవడం, చెయ్యి, కాలు పడిపోవడం.
• కాలి పుండు నల్లబడటం, దుర్వాసన, వాపుతో జ్వరం.

వచ్చేటప్పుడు మందుల చీటీ, మాత్రల అట్టలు, ఇన్సులిన్ సీసా వెంట తెండి. చివరిసారి ఎప్పుడు తిన్నారో, మందు ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి.

ఈ పాఠాన్ని ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా చదివి వినిపించండి. అర్ధరాత్రి అవసరం పడితే చక్కెర డబ్బా ఎక్కడుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో వారికీ తెలిసి ఉండాలి.