పనికిరాని యాప్‌లను ఏరివేయడం ఎలా?

సభ్యుల విజ్ఞాన పాఠం

పాలకేంద్రంలో పోసిన పాల కొలత, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర ఈనాడు చాలా సంఘాలలో సభ్యుని ఫోనుకే వస్తున్నాయి. పాలబిల్లు బ్యాంకు ఖాతాలో జమ అవుతున్నది. ఆ ఖాతా తాళంచెవి కూడా అదే ఫోనులో ఉంటున్నది. కనుక ఫోనును శుభ్రంగా ఉంచుకోవడం పాలక్యానును శుభ్రంగా కడుగుకోవడం వంటిదే. క్యాను అడుగున మిగిలిన కాసిని పాత పాలు కొత్త పాలన్నిటినీ విరగ్గొడతాయి. అట్లాగే ఫోనులో చేరిన ఒక్క చెడ్డ యాప్ పదిహేను రోజుల పాలబిల్లును ఒక్క పూటలో ఊడ్చివేయగలదు.

ఈ పాఠంలో ముఖ్యంగా తెలుసుకోవలసినవి రెండు సంగతులు. తెర మీది బొమ్మను తీసివేసినంత మాత్రాన యాప్ పోదు. యాప్ పోయినంత మాత్రాన దాని ద్వారా మనం ఒప్పుకొన్న నెలసరి చెల్లింపులు, తెరిచిన ఖాతాలు పోవు. ఈ రెండూ మనసులో ఉంచుకొని వరుసగా పని చేస్తే, ఇది ఎవరైనా ఇంట్లో కూర్చొని చేసుకోగల పనే.

ఏవి ఉంచాలి? ఏవి తీయాలి?

తీసివేయవలసిన యాప్‌లు మూడు రకాలు. మొదటి రకం, ఎప్పుడో వేసుకొని మరచిపోయినవి. ఇవి వట్టిపోయిన పశువు వంటివి. పాలివ్వకపోయినా మేత తప్పదు. వాడకపోయినా ఫోనులో చోటు ఆక్రమిస్తాయి. కొన్ని లోలోపల పనిచేస్తూ బ్యాటరీని, డేటాను ఖర్చు చేస్తాయి. రెండవ రకం, ఫోను కొన్ననాడే కంపెనీవారు వేసి ఇచ్చిన ఆటలు, అంగళ్లు, వార్తల యాప్‌లు. మూడవ రకం, హాని చేసేవి. మోసపు రుణ యాప్‌లు, వాట్సాప్‌లో ఫైలుగా వచ్చిన నకిలీ బ్యాంకు యాప్‌లు, నకిలీ ప్రభుత్వ పథకాల యాప్‌లు ఈ కోవలోనివి.

బ్యాంకు యాప్, యూపీఐ యాప్, సంఘం చెప్పిన పాలలెక్కల యాప్ ఉంచుకోవలసినవే. 2020 సెప్టెంబరు 10న ప్రారంభమైన ఈ-గోపాల వంటి పశుపోషణ యాప్ వాడుకలో ఉంటే దానిని కూడా తీయనక్కరలేదు. 'గూగుల్ ప్లే సర్వీసెస్', 'వెబ్‌వ్యూ' వంటి పేర్లు జాబితాలో కనిపిస్తే ముట్టుకోవద్దు. అవి ఫోను నడవడానికి అవసరమైన భాగాలు. పేరు తెలియనిది కనిపిస్తే ముందు తెలిసినవారిని అడిగి, ఆ తరువాతే చేయి వేయాలి.

తొలగించే ముందు

1. ఆ యాప్‌కు నెలసరి చందా కడుతున్నారేమో చూడాలి. ప్లే స్టోరులో పై మూలన ఉన్న మీ ఖాతా గుర్తును నొక్కి, 'పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్'లో చందాను రద్దు చేయాలి. యూపీఐ ద్వారా డబ్బు కోతకు ఒప్పుకొని ఉంటే, యూపీఐ యాప్‌లో 'ఆటోపే' అనే చోట దానిని రద్దు చేయాలి. ఈ పని చేయకుండా యాప్‌ను మాత్రమే తీసివేస్తే, నెల నెలా కోత అట్లాగే పడుతుంది.

2. యాప్‌లో ఖాతా తెరిచి ఉంటే, యాప్‌లోనే ఖాతాను తొలగించే వీలు ఉందేమో వెతకాలి. యాప్ తీసినా ఆ కంపెనీ వద్ద ఉన్న మన వివరాలు అక్కడే ఉంటాయి.

3. అందులో ఉన్న ఫోటోలు, రసీదులు, లెక్కలు అవసరమైతే వేరే చోట దాచుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోను, టాబ్లెట్

మన పల్లెలలో ఎక్కువగా ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లు. 'సెట్టింగ్స్' తెరిచి 'యాప్స్'లోకి వెళ్లి, మొత్తం జాబితాను చూడాలి. అక్కరలేని యాప్ పేరు నొక్కితే 'అన్‌ఇన్‌స్టాల్' అని కనిపిస్తుంది. దానిని నొక్కి 'ఓకే' అంటే యాప్ పోతుంది. ప్లే స్టోరులో 'మేనేజ్ యాప్స్ అండ్ డివైస్' అనే చోట, తక్కువగా వాడే యాప్‌లు ముందు వచ్చేటట్లు వరుస మార్చుకొని కూడా ఏరివేయవచ్చు. అయితే హాని చేసే యాప్‌లు కొన్ని తమ బొమ్మను తెర మీద కనబడనీయవు. ప్లే స్టోరు బయటి నుంచి వచ్చినవి ఆ స్టోరు జాబితాలో చేరకపోవచ్చు. కనుక సెట్టింగ్స్‌లోని జాబితాను తప్పక చూడాలి.

ఫోనుతో వచ్చిన కొన్ని యాప్‌లకు 'అన్‌ఇన్‌స్టాల్' ఉండదు. 'డిజేబుల్' మాత్రమే ఉంటుంది. డిజేబుల్ చేస్తే యాప్ ఫోనులోనే ఉంటుంది గాని పనిచేయదు, కనబడదు, డేటా వాడదు. అంతవరకు చాలు.

ఐఫోను, ఐప్యాడ్

వీటిలో యాప్ బొమ్మ మీద వేలు కొంతసేపు అదిమి ఉంచితే 'రిమూవ్ యాప్' అని వస్తుంది. దానిని నొక్కితే మళ్లీ రెండు దారులు చూపుతుంది. 'రిమూవ్ ఫ్రమ్ హోమ్ స్క్రీన్' అంటే బొమ్మ మాత్రమే తెర మీద నుంచి పోతుంది. యాప్ లోపలే ఉంటుంది. 'డిలీట్ యాప్' అంటేనే యాప్ పూర్తిగా పోతుంది. సెట్టింగ్స్‌లో 'జనరల్', 'ఐఫోన్ స్టోరేజ్' అనే చోట 'ఆఫ్‌లోడ్ యాప్' అనే మరొక పద్ధతి ఉంది. ఇందులో యాప్ పోతుంది, దాని సమాచారం మాత్రం మిగులుతుంది. చోటు కోసం తీసేవారికి ఇది పనికివస్తుంది గాని, చెడ్డ యాప్‌ను వదిలించుకోవడానికి కాదు.

సంఘం కంప్యూటరు

సంఘం కంప్యూటరులో సభ్యులందరి పాలలెక్కలు ఉంటాయి. కనుక కార్యదర్శి ముందుగా లెక్కలను పెన్‌డ్రైవులోకి నకలు తీసి, దానిని కంప్యూటరు నుంచి విడిగా భద్రపరచిన తరువాతే ఏరివేత మొదలుపెట్టాలి. పాల పరీక్ష యంత్రానికి, తూకం యంత్రానికి, ప్రింటరుకు సంబంధించిన ప్రోగ్రాములను ముట్టుకోరాదు.

విండోస్ 11లో 'సెట్టింగ్స్', 'యాప్స్', 'ఇన్‌స్టాల్డ్ యాప్స్' అనే వరుసలో వెళ్లాలి. పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'అన్‌ఇన్‌స్టాల్' చేయాలి. డెస్క్‌టాప్ మీది గుర్తును చెత్తబుట్టలో వేస్తే ప్రోగ్రాము పోదు. అది దారి చూపే గుర్తు మాత్రమే. కంప్యూటరు తెరవగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములను 'టాస్క్ మేనేజర్'లో 'స్టార్టప్' అనే చోట ఆపవచ్చు. బ్రౌజరులో తెలియకుండా చేరిన 'ఎక్స్‌టెన్షన్లు' కూడా చూసి తీసివేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దాని మీదనే నడుస్తున్న సంఘాలు మార్పు సంగతి పాలకవర్గంలో చర్చించుకోవడం మంచిది.

తీసినా పోని మొండి యాప్

గోమారిని పట్టి విసురుగా లాగితే ఒంట్లో కరచుకొన్న నోటిభాగం చర్మంలోనే ఉండిపోతుంది. కొన్ని చెడ్డ యాప్‌లు కూడా అట్లాగే పట్టుకొని ఉంటాయి. 'అన్‌ఇన్‌స్టాల్' నొక్కినా పోవు. అవి మొదటే 'డివైస్ అడ్మిన్' అనే అధికారాన్ని మన చేతనే ఇప్పించుకొని ఉంటాయి. ముందు ఆ పట్టు విడిపించాలి. సెట్టింగ్స్ పైభాగాన ఉన్న వెతుకు పెట్టెలో 'డివైస్ అడ్మిన్' అని రాస్తే ఆ జాబితా వస్తుంది. అందులో ఆ యాప్‌కు అధికారం రద్దు చేయాలి. 'యాక్సెసిబిలిటీ' అనే చోట కూడా దాని పేరు ఉంటే ఆపివేయాలి. ఈ అనుమతి దొరికిన యాప్ మన తెరను చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. ఆ తరువాత అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

అప్పటికీ వీలుకాకపోతే ఫోనును 'సేఫ్ మోడ్'లో తెరవాలి. చాలా ఫోన్లలో పవర్ బటన్ నొక్కి, తెర మీద వచ్చిన 'పవర్ ఆఫ్' మీద వేలు అదిమి ఉంచితే ఈ వీలు కనిపిస్తుంది. ఈ స్థితిలో మనం వేసుకొన్న యాప్‌లు పనిచేయవు గనుక తీయడం సులువు. దానికీ లొంగకపోతే, ఫోటోలు, ఫోను నంబర్లు దాచుకొని 'ఫ్యాక్టరీ రీసెట్' చేయడమే చివరి మార్గం. దీనికి ముందు గూగుల్ ఖాతా పాస్‌వర్డు తెలిసి ఉండాలి.

డబ్బు పోయిందని అనుమానం వస్తే మాత్రం ముందు యాప్ తీయడానికి కూర్చోవద్దు. ఫోనులో డేటా, వైఫై ఆపాలి. వేరొక ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించాలి. వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. ఆ యాప్ పేరును, వచ్చిన సందేశాలను వేరే ఫోనుతో ఫోటో తీసి ఉంచాలి. ఆ తరువాతే యాప్‌ను తొలగించాలి. పాస్‌వర్డులు, పిన్ నంబర్లు మార్చడం కూడా వేరే ఫోను నుంచే చేయాలి.

రుణ యాప్‌ల సంగతి

దాణాకో, పశువు వైద్యానికో తొందరలో యాప్ ద్వారా అప్పు తీసుకొనేవారు ఉన్నారు. మోసపు రుణ యాప్‌లు ఫోనులోని నంబర్లన్నీ లాగుకొని, బంధువులకు ఫోను చేసి పరువు తీస్తామని బెదిరిస్తాయి. ఇటువంటి వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకోగా, 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ యాప్‌ల వెనుక ఉన్న పలువురిని అరెస్టు చేశారు.

రిజర్వు బ్యాంకు 2025 మే నెలలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం రుణ యాప్ మన ఫోనులోని ఫైళ్లు, నంబర్ల జాబితా, కాల్ వివరాలు చూడరాదు. నియంత్రణలో ఉన్న సంస్థల రుణ యాప్‌ల జాబితాను 2025 జూలై 1 నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో ఉంచుతున్నది. జాబితాలో లేని యాప్, నంబర్లు చూడనిమ్మని అడిగే యాప్ మనకు వద్దు. అయితే ఒక్క మాట. సక్రమమైన బ్యాంకు వద్ద తీసుకొన్న అప్పు యాప్ తీసివేసినందువల్ల తీరదు; వాయిదా కట్టవలసిందే. వేధింపు జరుగుతుంటే ఇంట్లో దాచుకోకుండా పెద్దలకు, సంఘం కార్యదర్శికి చెప్పాలి. పోలీసులకు ఫిర్యాదు చేయాలి. అప్పు పడడం నేరం కాదు, సిగ్గుపడవలసిన పని కూడా కాదు.

మళ్లీ చేరకుండా జాగ్రత్తలు

1. యాప్‌ను ప్లే స్టోరు, యాప్ స్టోరులలో నుంచే తీసుకోవాలి. అక్కడ కూడా తయారుచేసినవారి పేరు చూడాలి.

2. పీఎం కిసాన్ సొమ్ము, బ్యాంకు కేవైసీ, పెళ్లి పత్రిక అంటూ చివర 'ఏపీకే' అని ఉన్న ఫైలు వస్తే తెరవరాదు. పంపినది తెలిసిన నంబరే అయినా, వారి ఫోను కూడా ఇతరుల చేతిలో పడి ఉండవచ్చు.

3. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అనే చోట వాట్సాప్‌కు, బ్రౌజరుకు అనుమతి లేకుండా చూడాలి.

4. ప్లే స్టోరులో 'ప్లే ప్రొటెక్ట్' తనిఖీని ఆపకుండా ఉంచాలి.

5. నెలకొకసారి, పాలబిల్లు లెక్క సరిచూసుకొనే నాడే, యాప్‌ల జాబితా కూడా ఒకసారి చూసుకోవాలి.

సంఘ సమావేశంలో చర్చించుకోవలసిన ప్రశ్నలు

1. తెర మీద బొమ్మ తీసివేయడానికి, అన్‌ఇన్‌స్టాల్ చేయడానికి తేడా ఏమిటి?

2. యాప్ తీసినా డబ్బు కోత ఎందువల్ల ఆగదు? దానిని ఎక్కడ ఆపాలి?

3. మన సంఘం కంప్యూటరులోని లెక్కలకు నకలు ఉందా? అది ఎవరి వద్ద ఉంది?

4. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చేయవలసిన మొదటి పని ఏది?

చదువు వచ్చిన పిల్లలు ఇంట ఉంటే వారిచేత ఈ పాఠం చదివించుకొని, ఫోను పక్కన పెట్టుకొని ఒక్కొక్క మెట్టే చేసి చూడండి. ఇంటి పాడి చూసుకొనే మహిళా సభ్యుల ఫోన్లను కూడా ఈ విధంగానే తనిఖీ చేయించండి. పాలబిల్లు వారి ఖాతాలో పడే చోట ఈ జాగ్రత్త మరింత అవసరం.