ఒక దినప్రయాణము

పాఠ్యభాగము: లూకా 2:41–52

పస్కాపండుగ ముగిసినది. నజరేతు గుంపు యెరూషలేము విడిచి ఇంటిదారి పట్టినది. మొదటి దినమంతయు నడచిన తరువాతనే పండ్రెండేండ్ల బాలుడు వెంట లేడని తల్లిదండ్రులకు తెలిసెను. ఈ గుంపునకు గ్రీకు మూలములో లూకా వాడిన మాట ‘సునోదియ’; త్రోవలో కలిసి నడుచువారు అని దాని భావము. స్త్రీలు వేరుగా, పురుషులు వేరుగా నడిచిరనియు, అందుచేత తల్లి తండ్రియొద్ద, తండ్రి తల్లియొద్ద కుమారుడున్నాడనుకొనిరనియు కొందరు బోధకులు చెప్పుదురు. లూకా అట్లు వ్రాయలేదు. ఉన్నాడని తలంచిరి, అంతే. ఆ తలంచుట ఎట్టిదో నాకు గుత్తిలో తెలిసెను.

మా సంఘమువారు నలువదియారుగురము బస్సు మాట్లాడుకొని మూడు దినముల యాత్రకు బయలుదేరితిమి. మొదటి దినము గుత్తికోట చూచి రాత్రికి పెనుకొండ చేరవలెను. పడుచువారు వీపున సంచులు తగిలించుకొని వచ్చిరి. పెద్దలు ఉగ్గాని మూటలు, నీళ్ల క్యానులు తెచ్చిరి. కిటికీ సీట్లకొరకు కొంత మాటామాటా వచ్చినది. ప్రార్థన చేసి ఎక్కినవారమే గదా అని నాకు సిగ్గువేసెను గాని, నేనును కిటికీ ప్రక్కనే కూర్చుంటిని.

గుత్తిలో చెప్పుకొనదగిన సంగతులు రెండున్నవి. 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు అంతటి కోటలో నీళ్లు చాలక మురారిరావు లొంగిపోయెను. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ఈ దత్తమండలములకు కలెక్టరు. తరువాత మద్రాసు గవర్నరాయెను. స్వదేశమునకు మరలకముందు ఈ ప్రాంతము కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మృతిచెందెను. ఆయనను మొదట పాతిపెట్టినది గుత్తిలోనే. ఈ సంగతులు నేను పడుచువారికి ఉత్సాహముగా వివరించుచుంటిని. ఎవరు కొండ ఎక్కిరో, ఎవరు క్రింద నిలిచిరో చూడలేదు.

పామిడి చేరువరకు ఎవరికిని అనుమానము రాలేదు. అక్కడ పెన్నలో ఇసుక తప్ప నీటిచుక్క లేదు. బస్సు నిలిపి మూటలు విప్పగా ఒక మూట మిగిలినది. అది మా అవ్వ ఒకరిది. కుమారుడు ఆమె వెనుక మనుమరాలియొద్ద ఉన్నదనుకొనెను. మనుమరాలు ముందు నాయనయొద్ద ఉన్నదనుకొనెను. ఆమె షుగరు మాత్రలు ఆ మూటలోనే ఉన్నవి. మా అందరి చేతులలో సెల్‌ఫోన్లున్నవి, ఆమెకు లేదు. వెనుక బస్సులో వచ్చునులే అని ఒకరనిరి. చేత పైకము లేని ముసలామె ఏ బస్సు ఎక్కును? అనంతపురము సీమ యెట్టిదో మనకు తెలియనిది కాదు. పడమటి కనుమలు నైరుతి మేఘములను ఆపివేయును. తూర్పు తీరపు వానలు ఇంతదూరము వచ్చునప్పటికి సన్నగిల్లును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే వాన. ఎండపూట దారిప్రక్క విడువబడినవారికి నీళ్లు ఇచ్చువారు దొరికిననే దొరకవలెను. బస్సు వెనుకకు త్రిప్పించితిమి. దారిలో ఎవరును మాటలాడలేదు.

యోసేపు మరియలు మొదట బంధువులలోను నెళవైనవారిలోను వెదకిరని గమనించుడి. ‘నెళవైనవారు’ అనగా పరిచయస్థులు. అక్కడ దొరకలేదు. మాకును అట్లే ఆయెను. మా అవ్వ కోటదిగువ వేపచెట్టు నీడను, వీపుసంచి ప్రక్కన పెట్టుకొన్న ఒక పరాయి యువకునితో కూర్చుండి చెనిక్కాయలు ఒలుచుచుండెను. అతడు బెంగాలు నుండి ఒంటరిగా దేశము చూడవచ్చినవాడట. ఆమెకు అతని భాష రాదు, అతనికి తెలుగు రాదు. హంపీకి పోవలసిన అతని బస్సు వెళ్లిపోయినది. సీసాలోని నీళ్లు సగముకు పైగా అవ్వయే త్రాగినది.

“ఎవురి బిడ్డో నాయనా, నన్నిడిసి పోనే పోలేదు” అనెను. కుమారుని ఏమియు అనలేదు. అది అతనికి మరింత కష్టమైనది.

మరియ తన కుమారుని అడిగిన ప్రశ్నలో దుఃఖమును, కొంత నిష్ఠూరమును ఉన్నవి. తప్పిపోయినది ఎవరని ఆ వచనముయొద్ద మీ కూటములో అడిగి చూడుడి. జవాబులు ఒక్కటిగా రావు.

యువకుని గుంతకల్లు బస్సు ఎక్కించితిమి. పెనుకొండ చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. దిగునప్పుడు అవ్వ మెట్టుదగ్గర నిలిచి ఒక్కొక్కరి భుజము తట్టి లెక్కపెట్టెను. ఆ యువకుని పేరేమని నన్నడిగెను. మాలో ఎవరమును అడుగలేదు.